సాకే పిల్లలు: రోగం, కులం, మనసు

మంచాన పడ్డ తల్లినో తండ్రినో, మతి తప్పిన అన్ననో, కాళ్లు రాని చెల్లెనో చూసుకుంటూ చదువుకునే పిల్లలకు తెలుగులో ఒక పేరంటూ లేదు. ఇంగ్లండులో వీళ్లను ‘యంగ్ కేరర్స్’ అంటారు. మన దగ్గర ‘బంగారు తల్లి’, ‘ఇంటికి పెద్దదిక్కు’ అని మెచ్చుకోళ్లున్నాయి గాని పేరు లేదు. పేరు లేని పని లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని పని చేసే మనిషి అలిసిపోయిందన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు. తెలంగాణ పల్లెల్లో ‘సాకుడు’ అనే మాట ఉంది. బిడ్డను సాకుతరు, గొడ్డును సాకుతరు, మంచంల ఉన్న ముసలామెను సాకుతరు. తినిపించడం, కడగడం, కాపలా ఉండటం అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అందుకని ఈ పిల్లల్ని ‘సాకే పిల్లలు’ అందాం.

దళిత ఉద్యమం భూమి గురించి, కూలి గురించి, రిజర్వేషన్ల గురించి, దాడుల గురించి మాట్లాడింది. కారంచేడు, చుండూరుల తర్వాత మన సాహిత్యం అమ్మ చాకిరీ గురించి కూడా రాసింది. ఆ అమ్మ మంచాన పడితే ఆమెను ఎవరు సాకారు, సాకిన పిల్ల మనసు ఏమైంది అన్న ప్రశ్న మాత్రం ఇంటి లోపలి విషయంగానే ఉండిపోయింది. ఇంటి లోపలి విషయమనేది నిజానికి ఇంట్లో మొదలైంది కాదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

సేవ, చాకిరీ

ఒకే పనికి మనకు రెండు పేర్లున్నాయి. ఆస్పత్రి వార్డులో మలమూత్రాలు ఎత్తితే అది చాకిరీ. ఇంట్లో తల్లికి అదే పని చేస్తే అది సేవ. చాకిరీకి తక్కువ కూలి, సేవకు అసలు కూలే లేదు. ఆస్పత్రుల్లో, మున్సిపాలిటీల్లో ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలేనన్నది మనం కళ్లారా చూసేదే. ఇంకొకరి రోగిని కడిగి వచ్చిన తల్లి, నడుము పడిపోయి తానే రోగి అయితే ఆమెను కడగడానికి ఆయాను పెట్టుకునే స్తోమతు ఆ ఇంటికి ఉండదు. ఆ పని కూతురి మీద పడుతుంది. అంటే కులవ్యవస్థ తల్లికి అంటగట్టిన పనే కూతురికి ప్రేమ పేరుతో వారసత్వంగా వస్తోంది. ఆ ప్రేమ అబద్ధమని కాదు. ప్రేమ నిజమే, దాన్ని ఆసరా చేసుకుని తప్పుకునే సర్కారు కూడా నిజమే.

తల్లిదండ్రుల్ని చూసుకునే పిల్లలకు మన బడిపుస్తకాలు చూపే ఆదర్శం శ్రవణకుమారుడు. ఆ కథ మూలాన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుతున్న ఆ ముని కుమారుడు దశరథుడి బాణానికి కూలిపోతాడు. బ్రాహ్మణ హత్య చేశానేమోనని దశరథుడు భయపడకుండా, తాను ద్విజుణ్ని కానని, వైశ్యుడికి శూద్ర స్త్రీ వల్ల పుట్టినవాణ్నని, చనిపోతూ కూడా ఆ పిల్లవాడే ఓదారుస్తాడు. అతను పోయాక ఆ ముసలివాళ్లిద్దరూ బతకలేకపోయారు. మనకు ఈ కథను తల్లిదండ్రుల భక్తి కథగా చెప్పారు. మొత్తం భారం ఒక్క పిల్లవాడి భుజం మీద పెట్టిన ఇల్లు ఎంత సులువుగా కూలుతుందో కూడా ఈ కథలోనే ఉంది. ప్రాణం పోతున్నా ఎదుటివాళ్లకు బాధ కలగకూడదనుకునే పిల్లవాడి మనసు ఉంది చూడండి, సాకే పిల్లలందరిలో కనిపించేది సరిగ్గా అదే.

మన చరిత్రను కూడా ఇట్లా చదువుకోవచ్చు. 1913లో అంబేద్కర్ చదువు కోసం న్యూయార్క్ వెళ్లేనాటికి రమాబాయి వయసు 15 ఏళ్లు. ఆయన అక్కడ ఎంత చదివారో మనకు తెలుసు. ఆ ఏళ్లలో బొంబాయిలో లేమిలో ఇల్లు నెట్టుకొచ్చిన ఆ పదిహేనేళ్ల పిల్లను మాత్రం సభల్లో ‘త్యాగమూర్తి’ అని ఒక్క మాటతో ముగిస్తాం.

రోగం ఏ వాడకు వస్తుంది

ఇంట్లో ఎవరు జబ్బు పడతారన్నది విధి రాత అనుకుంటాం. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ చరిత్ర చూస్తే అది విధి కాదని తేలిపోతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది తెలుగు నేల మీదే, 1937లో, దర్శి, పొదిలి ప్రాంతంలో. నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వంటి మండలాల్లో రెండు మూడు తరాల మనుషుల ఎముకలు వంగిపోయాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. రాతి పొరల్లోంచి బోరు వేసి తోడిన నీళ్లలో అది అంతకు ఎన్నో రెట్లు వచ్చింది.

అందరూ అవే నీళ్లు తాగినా అందరికీ ఒకే తీరుగా జబ్బు రాదు. ఎండలో కష్టం చేసే మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు. పాలు, గుడ్డు, ఆకుకూర లేని ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువ హాని చేస్తుంది. డబ్బులున్న ఇల్లు క్యాను నీళ్లు కొనుక్కుంటుంది, పట్నం పోతుంది. భూమి లేని కూలి మనిషి చేనుగట్టు బోరు నీళ్లే తాగుతాడు. నీళ్లలో ఫ్లోరైడు భూమి పెట్టింది, దాన్ని ఎవరి ఎముకల్లోకి పంపాలో మాత్రం కులం, వర్గం తేల్చాయి. ఈ నీళ్ల సమస్యను దేశానికి చాటడానికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. 2016లో మిషన్ భగీరథ మొదలైంది. తెలంగాణలో ఇక ఫ్లోరైడు పీడిత ఆవాసాలు లేవని 2020లో ప్రకటించారు. నీళ్లు మారడం పెద్ద గెలుపే. కాని వంగిన ఎముక తిరిగి నిటారు కాదు, దానికి మందు లేదు. అప్పటికే నడుము వంగిన తండ్రి, మెడ తిప్పలేని తల్లి ఇంకా ఇంట్లోనే ఉన్నారు. నీళ్ల లెక్క తేలిపోయాక ఆ ఇంటి పిల్లల లెక్క ఎవరూ తీయలేదు.

ఫ్లోరోసిస్ ఒక ఉదాహరణ మాత్రమే. రాళ్ల క్వారీ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడ్డ తండ్రి, టీబీ, పక్షవాతం, షుగరు ముదిరి కాలు తీసేసిన మేనమామ, సారాకు, కల్తీ కల్లుకు ఒళ్లు గుల్లయిన అన్న. వాడ వాడనా ఇవే జబ్బులు, ప్రతి జబ్బు వెనకా ఒక పని, ఒక కూలి, ఒక ఆకలి ఉన్నాయి.

మనసులో ఏం జరుగుతుంది

బయటి నుంచి చూస్తే ఈ పిల్లలు బాగానే ఉన్నట్టు కనపడతారు. అల్లరి చేయరు, పెద్దమనుషుల్లా మాట్లాడతారు, టీచర్లకు ముద్దు. కుటుంబ చికిత్స రంగంలో పనిచేసిన సాల్వడార్ మినుచిన్ 1960లలో న్యూయార్క్ పేదవాడల కుటుంబాల్ని పరిశీలించి, తల్లిదండ్రుల స్థానంలోకి వెళ్లిన పిల్లల గురించి రాశాడు. పిల్లలు ఇంటి పనిలో చేయి వేయడం వేరు, ఇల్లు మొత్తం వాళ్ల మీద ఆనడం వేరు. మొదటిది పిల్లను పెంచుతుంది, రెండోది పిల్లను తినేస్తుంది. ఎంత పని, ఎన్నేళ్లు, ఇంకెవరైనా తోడున్నారా అన్నదాన్ని బట్టి ఒకటి రెండోదిగా మారుతుంది.

మొదట పోయేది నిద్ర. రాత్రి మూలిగితే లేవాలి, మూలగకపోయినా ఊపిరి ఆడుతున్నదా అని చెవిపెట్టాలి. ఇట్లా ఏళ్ల తరబడి కాపలా కాసిన మనసుకు కాపలా దిగడం చేతకాదు. హాస్టల్లో పడుకున్నా, తలుపు చప్పుడైతే గుండె దడదడలాడుతుంది.

రెండోది తప్పు చేస్తున్నానన్న బాధ. తరగతిలో కూచుంటే ఇంట్లో లేననే బాధ, ఇంట్లో కూచుంటే చదువు పోతున్నదన్న బాధ. ఎక్కడ ఉన్నా ఇంకొకచోట తప్పు చేస్తున్నట్టే. మన సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు ఎన్నో వేలమందిని చదివించాయి, అందులో అనుమానం లేదు. కాని ఇల్లు వదిలితేనే చదువు అనే షరతు సాకే పిల్ల పాలిట కత్తి.

మూడోది కోపం, ఆ కోపం మీద సిగ్గు. ‘ఇంకెన్నాళ్లు’ అనే ఆలోచన ఒక్కసారైనా రాని మనిషి ఉండదు. వచ్చిన మరుక్షణం ‘మా అమ్మ చావు కోరుకున్ననా’ అని తనను తాను కొరికేసుకుంటుంది. ఎవరితోనూ చెప్పలేని ఈ ఆలోచన మామూలుదని, అలిసిపోయిన ప్రతి మనసుకూ వచ్చేదని ఎవరైనా ఒకరు చెబితే సగం బరువు దిగుతుంది. చెప్పేవాళ్లు లేరు.

నాలుగోది బతికున్న మనిషి కోసం ఏడుపు. మతి తప్పిన తండ్రి ఎదురుగానే ఉంటాడు, కాని తన పేరు పెట్టి పిలిచే నాన్న లేడు. దీన్ని పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు తేలని పోగొట్టుకోవడంగా వివరించింది. చచ్చిపోతే పదకొండో రోజో, పెద్దకర్మో ఉంటుంది, నలుగురొచ్చి ఏడుస్తారు. బతికుండగానే పోయినవాళ్లకు ఏ కర్మా లేదు, ఏడవడానికి ఒక రోజంటూ లేదు.

ఐదోది దాపరికం. టీబీ, హెచ్ఐవీ, పిచ్చి, తాగుడు అన్నవి చెప్పుకునే జబ్బులు కావు. వాడ మీద అంటరానితనం ఉంది, ఆ పైన ఇంటి మీద జబ్బు అంటు. కులం దాచుకునే తరగతి గదిలో జబ్బు కూడా దాచుకోవాలంటే పిల్ల నోరు మొత్తానికే మూతబడుతుంది.

ఈ బాధంతా డాక్టరు ముందుకు ‘డిప్రెషన్’ అనే పేరుతో రాదు. తలకాయ నొస్తున్నది, గుండె దడ, నరాల బలహీనత, కడుపుల మంట అని ఆర్ఎంపీ దగ్గరికి వస్తుంది. ఆయన ఒక గ్లూకోజు ఎక్కించి, బీ కాంప్లెక్సు సూది వేస్తాడు. పిల్ల ఒక గంట పడుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ గంట పడకే ఆమెకు దొరికిన వైద్యం.

హాజరు పట్టీ

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా అమ్మకు పక్షవాతం వచ్చింది. నాయిన కూలికి పోతేనే పొయ్యి వెలిగేది, తమ్ముడు చిన్నోడు. కాలేజీ పోవుడు తగ్గింది. స్కాలర్‌షిప్పుకు 75 శాతం హాజరుండాలె. ఆఫీసుల అడిగితే, మెడికల్ సర్టిఫికెట్ తెమ్మన్నరు. అమ్మది తెచ్చి ఇచ్చిన. ‘ఇది మీ అమ్మది, నీకేం రోగం లేదు గదా’ అన్నరు. ఆ ఏడు స్కాలర్‌షిప్పు రాలేదు. ఆ మాట అన్న మనిషి చెడ్డవాడేం కాదు, ఫారంల ఉన్నదే చెప్పిండు. ఫారంలో రోగికి గడి ఉంది, రోగిని సాకే మనిషికి గడి లేదు. మా మొత్తం వ్యవస్థను ఆ ఒక్క ఫారం చూపిస్తుంది.

నాతోపాటు చదివినవాళ్లలో హాజరు లేక ఆగిపోయినవాళ్లందరి పేర్ల ఎదురుగా రిజిస్టరులో ‘డ్రాపౌట్’ అనే ఉంది. చదువు మీద శ్రద్ధ లేని దళిత పిల్లలు అనే మాట అట్లా పుడుతుంది. ప్రతిభ గురించి మాట్లాడేవాళ్లు, ఒక పిల్ల రాత్రి మూడుసార్లు లేచి, తల్లిని శుభ్రం చేసి, వండి, బస్సెక్కి వచ్చి రాసిన పరీక్షనూ, ఇంకొక పిల్ల అలారం పెట్టుకుని లేచి రాసిన పరీక్షనూ ఒకే కొలతతో కొలుస్తున్నారు.

ఆడపిల్ల, మగపిల్లవాడు

2019 జనవరి నుంచి డిసెంబరు దాకా కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్లు పైబడినవాళ్లను లెక్కలోకి తీసుకున్నారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఇంట్లోవాళ్లను చూసుకునే పనిలో ఉన్న ఆడవాళ్లకు 134 నిమిషాలు, మగవాళ్లకు 76 నిమిషాలు పడుతోంది. ఇంట్లో జబ్బు వస్తే మొదట ఆగేది ఆడపిల్ల చదువు. తల్లి మంచాన పడితే ‘ఇంట్ల ఆడదిక్కు లేదు’ అని పద్దెనిమిది నిండకుండానే కొడుక్కి పెళ్లి చేసి కోడలిని తెచ్చుకునే ఇళ్లున్నాయి. తెచ్చింది ఇంకొక సాకే పిల్లనే.

మగపిల్లవాడి కష్టం వేరే తీరుగా ఉంటుంది. అతను చదువు మాని సెంట్రింగు పనికో, హోటలుకో పోతాడు. తల్లిని కడగాల్సి వస్తే అది బయట చెప్పుకోలేడు. మగవాడు ఏడవకూడదు, భయం చెప్పుకోకూడదు. చెప్పుకోని భయం సాయంత్రానికి సీసా వెతుక్కుంటుంది.

లెక్కలు, చట్టాలు

బ్రిటన్‌లో సాకే పిల్లల మీద పరిశోధన 1990లలో ఊపందుకుంది. సాల్ బెకర్, జో ఆల్డ్రిడ్జ్ వంటివాళ్లు ఆ పిల్లలతోనే మాట్లాడి రాశారు. 1995లో సాకేవాళ్ల గుర్తింపు చట్టం వచ్చింది. 2001 జనాభా లెక్కల్లో ఈ ప్రశ్న అడిగితే 18 ఏళ్ల లోపు సాకే పిల్లలు 1,75,000 మంది అని తేలింది. 2014 చట్టంతో ఇంగ్లండులో స్థానిక ప్రభుత్వాలు ఆ పిల్లల అవసరాలను విచారించి తీరాలి. అడిగితేనే లెక్క తేలింది, లెక్క తేలితేనే చట్టం కదిలింది. మన జనాభా లెక్కల్లో ఆ ప్రశ్న ఎప్పుడూ లేదు.

మానసిక ఆరోగ్యం లెక్కలూ అంతే. నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మన మెదక్ ఉండటం గుర్తు చేసుకుంటే ఇది మరింత బాధ కలిగిస్తుంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు వాళ్లను చూసుకునే మనిషి కోసం భత్యం ఇచ్చే పథకం పెట్టాలంటోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగితో ఉంటూ కూలి తీసుకునో తీసుకోకుండానో చూసుకునే మనిషిని నిర్వచించింది. ఆ నిర్వచనంలో వయసు మాట లేదు. అంటే పద్నాలుగేళ్ల పిల్ల కూడా అందులోకి వస్తుంది, కాని ఆ పిల్లకు ఏం ఇవ్వాలో చెప్పలేదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, బడి అయ్యాక కుటుంబానికి సాయపడే పనిని మినహాయించింది. సాకుడు పనే కాదనుకునే దేశంలో దాన్ని ఎవరూ ఆ చట్టం కింద చూడరు.

పింఛన్లు నిజంగా ఊరటే. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో రూ. 4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగులకు రూ. 6,000, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు రూ. 15,000 చేశారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. అయితే ఇవన్నీ రోగి పేరు మీద ఉన్నాయి. ఆపరేషన్ అయ్యాక ఇంటికి వచ్చిన రోగిని ఆరు నెలలు సాకే మనిషి ఏ పథకంలోనూ లేదు. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచాన పడ్డవాళ్లను చూసుకునే మనిషికి నెలకు రూ. 600 పెట్టారు. డబ్బు చాలా తక్కువే, గుర్తింపు మాత్రం పెద్దది. అక్కడే 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ ఉద్యమం, ఊరి వాలంటీర్లు, నర్సులు రోగి ఇంటికి వెళ్లే పద్ధతిని నిలబెట్టింది. నర్సు వచ్చిన ఆ గంట, ఆ ఇంటి పిల్ల పుస్తకం తెరిచే గంట.

ఒక జాగ్రత్త

ఈ మాటలన్నీ విని ‘దళిత కుటుంబాలు పిల్లల్ని హింసిస్తున్నాయి, వాళ్లను తీసుకెళ్లి హోముల్లో పెట్టాలి’ అనేవాళ్లు ఉంటారు. ఆ దారి ప్రమాదకరం. సాకే పిల్లలకు కావాల్సింది ఇంటి నుంచి విడిపించడం కాదు. వాళ్లలో చాలామంది అమ్మను వదిలి ఉండలేరు. సాకడంలో వాళ్లు నేర్చుకున్న ఓపిక, నేర్పు, ఎదుటిమనిషి నొప్పి మొహంలోనే చదవగల చూపు ఏ యూనివర్సిటీ నేర్పదు. అట్లాగే ఈ బాధను మొత్తంగా జబ్బుగా మార్చి గోలీ చేతిలో పెట్టడమూ సరికాదు. గోలీ అవసరమైనవాళ్లకు గోలీ ఇవ్వాలి, భయపడకూడదు. కాని పొద్దున లేస్తే అదే మంచం, అదే అప్పు, అదే హాజరు పట్టీ ఉంటే గోలీ ఒక్కటే ఏం చేస్తుంది? భారం దించడం కూడా వైద్యమే.

మనం చేయాల్సింది

టీచర్లు: వరసగా రాని పిల్లను ‘ఎందుకు రాలేదు’ అని అందరి ముందు నిలబెట్టకుండా, విడిగా పిలిచి ‘ఇంట్ల ఎవరిని చూసుకుంటున్నవ్’ అని అడగండి. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి చాలాసార్లు టీచరే అవుతారు. తరగతిలో నిద్రపోయే పిల్ల నిద్రకు కారణం తెలిసేదాకా తిట్టకండి.

విద్యార్థి సంఘాలు: సొంత జబ్బుకు హాజరు మినహాయింపు ఉన్నట్టే, ఇంట్లోవాళ్లను సాకే విద్యార్థికి మినహాయింపు ఉండాలని అడగాలి. స్కాలర్‌షిప్పు ఫారంలో ఒక గడి పెట్టించడం చిన్న కోరిక, సాధించగల కోరిక. మెస్సులో, హాస్టలు గదుల్లో ఈ పిల్లలు ఒకరినొకరు గుర్తుపట్టే చోటు కల్పించాలి. నేనొక్కదాన్నే కాదని తెలియడం సగం బలం.

కార్యకర్తలు: 24వ సెక్షన్ కింద భత్యం ఏదని కలెక్టరేట్లలో దరఖాస్తులు పెట్టాలి. వాడలో సర్వే చేసినప్పుడు రోగి పేరు పక్కన సాకే మనిషి పేరు, వయసు కూడా రాయాలి. టీబీ రోగికి 2018 నుంచి ఇస్తున్న పోషణ డబ్బు 2024లో నెలకు వెయ్యి అయింది, అది అందుతున్నదో లేదో చూడాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416. దానికి ఫోను చేస్తే డబ్బులు కట్టనక్కర లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు వాడలో, హాస్టలు గోడ మీద రాసి ఉంచాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్న పిల్లను ఒంటరిగా వదలకుండా, వెంట ఉండి జిల్లా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

పరిశోధకులు: మన వాడల సాకే పిల్లల మీద పని మనమే చేయాలి. ఎవరు, ఎన్ని గంటలు, ఎన్నేళ్లు, ఎవరి తోడుతో అన్న నాలుగు ప్రశ్నలతో మొదలుపెట్టినా చాలు.

చివరగా, ఈ పేజీ చదువుతున్నవాళ్లలో సాకే పిల్లలు కూడా ఉంటారు, లేదా ఒకప్పుడు ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక మాట. నువ్వు చేస్తున్నది పని. కష్టమైన పని. దానికి అలసట రావడం నీ ప్రేమ తక్కువై కాదు. ఒక పూట ఇంకొకరికి అప్పగించి నిద్రపో, సిగ్గుపడకు. అప్పగించడానికి ఇంకొకరు లేకపోతే, ఆ ఇంకొకరిని నీకు తోడుగా తేవాల్సిన బాధ్యత మాది, సర్కారుది.